మైనం కింద ఎవరు

"అమ్మమ్మా, ఇందులో నువ్వెవరు?" అని జెరూషా అడిగితే, జయమణి ఆలోచించకుండా ఫోటోలో ఎడమవైపు పిల్ల మీద వేలు పెట్టింది. పెట్టాక భయం పట్టుకుంది.

నందిగామలో ఒక ప్రైవేటు బళ్ళో డ్రాయింగు చెప్పే ఈ మనవరాలికి కొత్తగా మైనం పిచ్చి పట్టింది. ఫోటోని చెక్కకి అంటించి, చుట్టూ పాత లేసుముక్కలు అతికించి, తేనెమైనంలో కాస్త గుగ్గిలం కలిపి కరిగించి కుంచెతో పూస్తుంది. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ప్రతి పూతనీ వేడి చేసి కిందిదానిలో కలిపేస్తుంది. ఒక్క పూతకి మనిషి మంచులో నిలబడ్డట్టుంటుంది. ఐదు పూతలయ్యాక ఉన్నారో లేరో తెలియదు. కొత్త ప్రింట్ల మీద రంగు చెదిరిపోతోంది, పాత కాగితం కావాలని అడిగితే జయమణే బీరువాలోంచి ఈ ఫోటో తీసిచ్చింది.

"ఉన్నవాళ్ళు పైన, వెళ్ళిపోయినవాళ్ళు మైనం కింద. అదీ నా ఐడియా," అంది జెరూషా.

వెళ్ళిపోయింది అక్క గ్రేసీ, జయమణి వేలిని బట్టి కుడివైపు పిల్ల. పద్దెనిమిదో ఏట గరికపాడు దగ్గర బస్సెక్కింది. ఎవరితోనో, ఎక్కడికో ఇప్పటికీ తెలియదు. ఫోటో అంతకు రెండేళ్ళ ముందుది. ఆ క్రిస్మస్‌కి నాన్న ఒకే తానులోంచి గుడ్డ చింపించి ఇద్దరికీ ఒకేలాంటి లంగాలు కుట్టించాడు. జడలూ అంతే, రిబ్బన్లూ అంతే. ఏడాది తేడా పిల్లలు, కవలల్లా ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే జయమణి ఆ ఫోటోకే తీసిన కొత్త ప్రింటు, మైనం పూయనిది ఒకటి సంచిలో పెట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కింది. అక్కడ వలీబీ ఉంది. అక్కచెల్లెళ్ళతో కలిసి కుట్టుపని నేర్చుకున్న మనిషి. ఇద్దర్నీ ఎరిగినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

వలీబీ కళ్ళద్దాలు తుడుచుకుని కుడివైపు పిల్లని చూపించింది.

"ఇదేనే నువ్వు."

"సరిగ్గా చూడు."

"చూసేదేముందే? ఎవరో తన్నినట్టు మూతి ముడుచుకుని నిలబడ్డావు. గ్రేసీ ఏనాడన్నా అట్టా ఉందా?"

"ఆ రోజు అక్క ఏడ్చింది వలీబీ. చెప్పులు కరిచాయని."

"అయితే ఇది గ్రేసీయే," అంది వలీబీ. మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "కాదులే, నీ ముక్కు ఇట్టాగే ఉండేది. ఇప్పుడంటే సాగి మూతి మీదకొచ్చింది గానీ! నీ మొహం నీకు తెలీకపోతే నన్నడుగుతావేంటే? టీ తాగు."

తిరుగు బస్సులో జయమణికి ఎంతకీ తేలలేదు. వలీబీ మొదట అన్నది నిజమైతే తను మైనం కింద, అక్క పైన. కాకపోతే అంతా సరిగ్గానే ఉంది. మరి సరిగ్గా ఉంటే ఈ భయం ఎందుకు?

ఇల్లంతా గుగ్గిలం వాసన. కుడివైపు పిల్ల మీద అప్పటికే ఐదు పూతలు పడ్డాయి.

"అది తీసెయ్యొచ్చా?" అంది జయమణి గుమ్మంలోంచే.

"బ్లేడుతో గీకొచ్చు అమ్మమ్మా. కానీ పాత కాగితం, మొహం కూడా లేచొస్తుందేమో. ఏం, అది నువ్వా?"

"ఏమోనే."

"అదేంటి, నిన్ను నువ్వు గుర్తుపట్టవా?"

"నా సంగతి వదిలెయ్. అక్కని గుర్తుపట్టలేకపోతున్నానే."

జెరూషా కుంచెని కరిగిన మైనంలో ముంచింది. జయమణి చెయ్యి చాపింది.

"ఆ కుంచె ఇటివ్వు. రెండోదానికీ పూసేస్తా. ఇద్దరూ ఒక్కచోటే ఉంటారు."

మొదటిసారి మైనం ఫోటో దాకా రాకుండానే కుంచె మీద గడ్డకట్టింది. "తొందరగా పూయాలమ్మమ్మా," అంటూ జెరూషా మళ్ళీ ముంచి ఇచ్చింది. ఎడమవైపు పిల్ల నుదురు మసకబారింది. తర్వాత ఒక కన్ను. రెండో కంటి దగ్గర జయమణి చెయ్యి ఆగిపోయింది. ఇదే గ్రేసీ అయితే? తన చేత్తోనే పంపేస్తున్నట్టా?

కుంచె బిరుసెక్కింది.

"వేడి చేసివ్వనా?" అంది జెరూషా.

"ఉండవే," అంది జయమణి, ఆ మిగిలిన కంటికేసి వంగి. "చూస్తోంది."