ఖాళీగా ఉండిపోయిన డాన్సు నేల

కరగండా నగరం పక్కన మా పట్టణంలో ఉన్న క్లబ్బును బొగ్గుగని కార్మికులే ఇటుకలు మోసి కట్టుకున్నారు. సోవియట్ కాలంలో అక్కడ వాళ్ల బృందగానాలు జరిగేవి. సోవియట్ దేశం ముక్కలయ్యాక యెర్మెక్ అనే వ్యాపారి దాన్ని కొని, రంగు దీపాలు పెట్టి డాన్సు క్లబ్బు చేశాడు. వచ్చినవాళ్ల చలికోట్లు భద్రపరచడం నా పని.

ఒక ఏడాది మార్చిలో గనిలో గ్యాసు పేలి ముప్ఫై ఒక్కమంది పోయారు. ఊళ్లో అంత పెద్ద గది ఇంకోటి లేక, శవాలను మా డాన్సు నేల మీదే వరసగా పడుకోబెట్టారు. మా క్లబ్బులో డ్రమ్ములు వాయించే సెర్జాన్ తన అన్నను చేతి గడియారాన్ని బట్టి గుర్తుపట్టాడు.

చనిపోయినవాళ్ల కోసం సంతాపం పాటించే నలభై రోజులు దాటగానే యెర్మెక్ తలుపులు తెరిచాడు.

"ఇక్కడ వాయించడం నావల్ల కాదన్నా" అన్నాడు సెర్జాన్ అతనితో.

"టిక్కెట్లు కొన్నది మీ అన్నతో పనిచేసినవాళ్లేరా. వాళ్లకి లేని బాధ నీకేంటి?"

సెర్జాన్ నావైపు చూశాడు. "వాయించు తమ్ముడూ, వినడానికేగా వచ్చారు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

పాట మొదలైంది. రెండు వందల మంది గోడలకు ఆనుకుని నిలబడ్డారే తప్ప, మధ్యనున్న డాన్సు నేల మీద ఒక్కరూ అడుగు పెట్టలేదు. ఎప్పుడూ అందరికంటే ముందు గెంతులేసే బోలాత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సెర్జాన్ ఏడుస్తూనే చివరిదాకా వాయించాడు. చప్పట్లు లేవు. ఒక్కొక్కరే వచ్చి కోటు అడిగారు.

"వచ్చే వారం వస్తావా బోలాత్?" అన్నాను.

"ఎక్కడ కాలు పెట్టమంటావక్కా?" అన్నాడు.

మళ్లీ ఎవరూ రాలేదు. వేసవికి ముందే యెర్మెక్ దీపాలు విప్పి అమ్మేశాడు. ఇప్పుడక్కడ సిమెంటు బస్తాలు నిలవ చేస్తున్నారు. సెర్జాన్ గనిలో చేరాడు, అన్న చేసిన ఉద్యోగంలోనే.