పరుగుకు కప్పిన శాలువా

తెల్లవారుజామున స్వర్ణముఖి ఇసుక చల్లగా ఉంటుంది.

పాదం దిగితే మెత్తగా లాక్కుంటుంది. తిరిగి ఇవ్వడానికి మారాం చేస్తుంది...

ఆ ఇసుకలోనే నా మొగుడు పరుగెత్తేవాడు.

వాన పడినా, ఒళ్ళు కాలినా, ఇంట్లో పండగైనా — పరుగే.

శ్రీకాళహస్తిలో వెచ్చాల అంగడి ఏకాంబరం అంటే ఆయనే. మా మామగారు ఆ అంగట్లోనే పోయారు. గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే... గుండె ఆగిపోయింది. కర్మంతరం అయిన మర్నాడే ఈయన ఏటికి పోయి పరుగెత్తి వచ్చాడు. మంచిదే అనుకున్నాను. చెమటతో పాటు దుఃఖం కూడా కారిపోతుందిలే అనుకున్నాను.

కారిపోలేదు.

మొదట పొద్దున పూటే. తర్వాత సాయంత్రం కూడా. ఆ తర్వాత మధ్యాహ్నం అంగడి మూసి, మాడే ఎండలో, ఏర్పేడు రోడ్డు మీద. ఒక పూట తప్పితే చేతులు వణికేవి. ఎవరు పలకరించినా కసురుకునేవాడు. అన్నం కూడా నిలబడే తినేవాడు.

ఏటికి వరద వచ్చిన ఏడు బయట అడుగు పెట్టే దారి లేదు. ఇంట్లోనే పరుగెత్తాడు. నడవా చుట్టూ, వంటింటి గడప దాకా, మళ్ళీ నడవా. అమ్మవారు పోసి చాప మీద పడుకున్న కూతురు చెవులు మూసుకుంది.

"నాయనా, నిలబడు నాయనా," అని ఏడ్చింది.

నిలబడలేదు.

ఊరు మాత్రం మెచ్చుకుంది. "ఏకాంబరాన్ని సూసి నేర్చుకోండప్పా," అని కొడుకులకు చెప్పుకుంది. మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కరూ మా ఇంటి నడవాలో పడుకోలేదు.

కాలు వాచింది. తిరుపతి డాక్టరు ఎముక చిట్లిందన్నాడు. పిండికట్టు వేశాడు. కాలు కింద మోపొద్దన్నాడు.

వారం తిరగలేదు. పొద్దున లేచి చూస్తే వాకిట్లో తెల్లటి పెళ్ళలు. పక్కన నా కత్తిపీట.

కట్టు కోసుకుని ఏటికి పోయాడు.

ఆ నెలలోనే వ్యాయామ సంఘం వాళ్ళు ఆయనకు సన్మానం పెట్టారు. డ్రిల్లు మాస్టారు జయరావు మైకు పట్టుకుని, "ఎముక ఇరిగినా పరుగు ఆపని మొనగాడప్పా ఈయన," అన్నాడు. చప్పట్లు... వాన మొదలైనట్టు చప్పట్లు. శాలువా కప్పారు.

నేను లేచాను. ఆడవాళ్ళ వరస దాటుకుని వేదిక ఎక్కాను. వంగి, ఆయన ప్యాంటు మోకాలి దాకా పైకి లాగాను.

నేరేడు పండు రంగు. కాలా అది.

"సూడండి," అన్నాను. "దీనికేనా శాలువా? ఈయన తాగుబోతైతే నన్ను సూసి అయ్యో అనేవాళ్ళు గదా. పరుగు గాబట్టి సప్పట్లు కొడతారా?"

జయరావు మైకు చేత్తో మూశాడు. "దిగు తల్లీ. నలుగుట్లో మొగుణ్ణి సిన్నబుచ్చొద్దు."

"సిన్నబుచ్చేది నేనా అయ్యోరూ? ఇరిగిన కాలుతో ఉరికించేది మీరు."

నా మొగుడు తల ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుజామున వీధి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు.

"లెయ్యి పంకజా."

"లెయ్యను."

కుంటి కాలు నేలకు ఆనీ ఆనకుండా... అలా నిలబడ్డాడు.

"నాకు భయం మే," అన్నాడు. "కూర్చుంటే నాయన మాదిరి ఈడ ఆగిపోతాదేమోనని." గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఉరికితే కొట్టుకునేది తెలస్తాది."

ఇన్నేళ్ళలో ఆ మాట నాకు చెప్పలేదు.

నా కోపం పోలేదు. చెప్పనందుకు ఇంకా పెరిగింది. చప్పట్లు కొట్టిన ఊరి మీద, ఏటి మీద, చచ్చిపోయిన మామగారి మీద కూడా పెరిగింది.

"కూర్చో," అన్నాను. "నా పక్కన కూర్చో. ఏమైతాదో ఇద్దరం సూద్దాం."

గోడ పట్టుకుని మెల్లగా దిగాడు. బూట్లు వదల్లేదు. కూర్చున్నాడు.

తలుపు సందులోంచి వెలుతురు నేల మీదికి పాకుతోంది. ఆయన మోకాలు అదురుతోంది. చెయ్యి వేసి అదిమి పట్టాను.

నా అరచేతి కింద అది పరుగెత్తుతూనే ఉంది...