చదవడం సలహా కాదు

షికాగో కోర్టులో ఇళ్లు ఖాళీ చేయించే కేసుల అంతస్తులో సాయం చేయమని కాలేజీవాళ్లు మారిబెల్‌కి నీలం చొక్కా తొడిగి, రెండు రోజులు శిక్షణ ఇచ్చి, ఒకే ఒక్క వాక్యం నేర్పారు: "నేను లాయర్ని కాదు, సలహా ఇవ్వకూడదు." బాత్రూమ్ ఎటో చెప్పొచ్చు. ఫారం అందించొచ్చు. వచ్చినవాళ్లు సరేనంటే కాగితం చదివి పెట్టొచ్చు. మునిగిపోతున్నవాడికి నీళ్ల లోతెంతో చెప్పొచ్చు గానీ చెయ్యి అందించకూడదన్నమాట.

లాయర్ లేని ముసలావిడ లూయెల్లా ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

"అమ్మాయ్, జనవరిలో హీటర్ పనిచెయ్యట్లేదని ఫిర్యాదు చేశాను. హీటర్ని వదిలేసి నన్ను బయటికి పంపాలని కేసేశాడు ఇంటాయన. ముప్ఫై ఒక్కేళ్లుగా ఉంటున్నా. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"నేను లాయర్ని కాదు మామ్మగారూ, సలహా..."

"మరి ఆ చొక్కా ఎందుకేసుకున్నావ్ తల్లీ, అందానికా?"

మారిబెల్‌కి సిగ్గేసింది.

ఆ అంతస్తులో అడక్కుండానే సలహా ఇచ్చే మహానుభావుడు ఒక్కడే. ఇళ్ల యజమానుల తరఫు లాయరు స్టాన్‌ఫిల్. జడ్జి పిలిచేలోపు వరండాలోనే కేసులు ముగించేస్తాడు. ఎంత దయో, బెంచీ బెంచీకీ వెళ్లి పెన్ను కూడా తనే ఇస్తాడు. లూయెల్లా దగ్గరికీ వచ్చి ఒక కాగితం చాపాడు.

"అమ్మగారూ, ఇక్కడ సంతకం పెట్టేస్తే జడ్జి ముందు నిలబడే పనుండదు. హాయిగా ఇంటికెళ్లిపోండి."

"ఈయనే నయం, ఏం చెయ్యాలో చెప్పాడు," అంటూ లూయెల్లా పెన్ను అందుకుంది.

మారిబెల్ ఆ కాగితం మీదికి తొంగి చూసింది. ఆపితే సలహా అవుతుంది. ఊరుకుంటే ఆవిడ ఇల్లు పోతుంది.

"మామ్మగారూ, చదివి పెట్టనా?"

"చదువు, కళ్లజోడు మర్చిపోయాను."

మారిబెల్ చదివింది. "ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తాను. జడ్జి ముందు నా వాదన చెప్పుకునే హక్కు వదులుకుంటున్నాను."

"ఏంటీ? మళ్లీ చదువు."

మళ్లీ చదివింది, ఈసారి వరండా చివరిదాకా వినబడేలా. బెంచీల మీద పెన్నులన్నీ ఆగిపోయాయి. లూయెల్లా తన చేతిలో పెన్ను స్టాన్‌ఫిల్‌కి తిరిగిచ్చేసింది.

"హాయిగా ఇంటికెళ్లమన్నావే, ఏ ఇంటికి నాయనా? నా గోడు జడ్జిగారితోనే చెప్పుకుంటాను."

స్టాన్‌ఫిల్ ముఖం మాడ్చుకుని మారిబెల్ సూపర్‌వైజర్‌ని పిలుచుకొచ్చాడు. "ఈ పిల్ల సలహాలిస్తోంది!"

"నేను లాయర్ని కాదండీ," అంది మారిబెల్ ఎంతో వినయంగా. "చదివానంతే."

అప్పటికే ఆమె బల్ల ముందు జనం వరస కట్టారు. చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఒకాయన ముందుకొచ్చి కాగితం చాపాడు.

"నాది కూడా చదివి పెట్టమ్మా."

మారిబెల్ అందుకుంది. కాగితం కింద ఆయన సంతకం అప్పటికే ఉంది.