సీసా మీద ఏడు గీతలు

"తాగినవా?"

సాయంత్రం ఏడింటికి బట్ట నేసే సాంచాల కార్ఖానా నుంచి వచ్చిన మా ఆయన పరుశురాం గుమ్మంలోనే అడిగే మాట ఇది. మాస్కు కూడా తీయడు. నా మొహం వైపు చూడడు. నేరుగా గోడవారనున్న రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా దగ్గరికి వెళ్లి, దాన్ని ట్యూబులైటు కిందికి ఎత్తి, కన్ను చికిలించి చూస్తాడు. సీసా మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఏడు అడ్డగీతలు గీసింది ఆయనే. పొద్దున ఏడింటికల్లా నీళ్లు మొదటి గీతకు దిగాలి, తొమ్మిదింటికి రెండో గీతకు. అలా ఆయన వచ్చేసరికి సీసా ఖాళీ అయిపోవాలి. నాకు ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్లు నీళ్లు బాగా తాగాలని ఎవరో పంపిన వీడియోలో చూశాడు, గీతలు గీశాడు. ఆ నీళ్లు నాకెందుకు సయించడం లేదో వీడియోలో చెప్పలేదు కాబట్టి ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

ఆయన పనిచేసే చోట ప్రతి సాంచాకూ ఒక మీటరు ఉంటుంది. పన్నెండు గంటల డ్యూటీ దిగే ముందు లెక్కలు రాసే గుమాస్తా మెహతా వచ్చి, ఎంత బట్ట నేశారో ఆ మీటరు చూసి రాసుకుపోతాడు. దారం ఎన్నిసార్లు తెగింది, కరెంటు ఎంతసేపు పోయింది, నేసేవాడికి కళ్లు తిరిగాయా లేదా, అవేవీ మెహతాకు అక్కర్లేదు. "మనిషిని జూడడు వాడు, అంకె జూస్తడు" అని పదేళ్లుగా ఇంటికొచ్చి తిట్టుకునే మనిషి, తనకూ ఒక మీటరు దొరికేసరికి అచ్చం మెహతా అయిపోయాడు. నాకు ఒళ్లు మండేది. మండినా ఏమనడానికీ లేదు. ఎందుకంటే మా అంతస్తులోని ఇళ్లలో దీనికి ప్రేమ అని పేరు పడిపోయింది. "ఎంత మంచిగ జూసుకుంటున్నడే వినోదా నీ పెనిమిటి, గీతలు గీసి మరీ తాపుతున్నడు" అంది పక్క ఒంటిగది ఖోలీలో ఉండే ఎల్లవ్వక్క. ఆమె మొగుడు ఆమెను ఏడాదికోసారి కూడా తాగావా తిన్నావా అని అడగడు. అందుకని నేను అదృష్టవంతురాలిని.

నీళ్లు తాగడం. వినడానికి ఎంత తేలిక. గ్లాసు నోటిదాకా తెస్తే కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చేది. బలవంతంగా రెండు గుక్కలు మింగితే మూడోది గొంతులోనే నిలబడిపోయేది. మూడో నెలలో పోతుందన్నారు, ఐదో నెలలో పోతుందన్నారు. పోలేదు. "నీళ్లేనాయె, ముక్కు మూసుకొని మింగుడేగద" అన్నాడు పరుశురాం. "మేము బీడీలు జేసుకుంట మోసినం, మాకు ఎవ్వలు సీసాలు పెట్టిండ్రు?" అంది మా అత్త బుచ్చవ్వ. ఊరినుంచి ఫోను చేసిన ఆడపడుచు "వదినా, నీళ్లు తాగకుంటే పిల్ల నల్లగ పుడ్తదట" అని భయపెట్టింది. అందరికీ నా నీళ్ల గురించి ఒక మాట ఉంది. నాకే లేదు.

పోనీ నాకేమీ దిగదా అంటే అదీ కాదు. కింద దుకాణంలో అమ్మే చల్లటి ఛాస్ ప్యాకెట్టు చూస్తే ప్రాణం లేచొచ్చేది. పల్చటి మజ్జిగ, అందులో జీలకర్ర పొడి. నిమ్మకాయ పిండి ఇంత ఉప్పేసిన నీళ్లు. వీధిలో బండి మీద ఎర్రగా కోసి పెట్టిన పుచ్చకాయ. నేను అడిగాను కూడా. అడిగితే అత్త చెయ్యి నెత్తిన పెట్టుకుంది. "సర్ది అయితది. సర్ది అయి దగ్గితే కరోనా అంటరు. మున్సిపాల్టోళ్లొచ్చి తలుపుకు కాయిదం అంటిస్తరు. వాణ్ని పన్లకు రానియ్యరు. తెలుస్తుందా నీకు?" రెండో వేవు అప్పుడు జోరు మీదుంది. పొద్దస్తమానం అంబులెన్సుల కూతలు. ఆవిడ భయం నాకు అర్థమయ్యేది. ఆ భయంతో ఆవిడ మిరియాలు, శొంఠి, వాము వేసి మరిగించిన కషాయం మే నెల ఎండలో మూడు పూటలా నా చేతిలో పెట్టేది. అది కూడా నీళ్ల లెక్కలోకే వస్తుందని ఆవిడ వాదన. తాగాక గుండెల్లో మంట మొదలయ్యేది. మంటకు నీళ్లు తాగమనేవారు.

ఇక అసలు సంగతి చెప్పాలి. ఊరొదిలి సాంచాల పనికి వచ్చిన ఈ పరాయి రాష్ట్రంలో, లింబాయత్ పేటలో మేముండే వరసగదుల చాలీలో అంతస్తుకు నాలుగు ఖోలీలు, నాలుగింటికీ చివర ఒకటే సండాసు. పోయిన ఏడు మొదటి లాక్‌డౌన్లో మగవాళ్లంతా వరండాలో కూర్చుని ఒక రూలు పెట్టారు. ఎవరైనా వెళ్లొస్తే వెంటనే ఆ ఇంటివాళ్లు ఫినాయిల్ నీళ్లతో కడిగేయాలి. మంచి రూలే. నాలుగిళ్లలోనూ 'ఆ ఇంటివాళ్లు' అంటే ఆ ఇంటి కోడలే అని మాత్రం ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది. మా ఆయన వెళ్లొచ్చి బకెట్ వైపు చూస్తాడు, నేను లేస్తాను. మా అత్త వెళ్లొచ్చి "అయింది" అంటుంది, నేను లేస్తాను. నేను వెళ్తే నాదీ నేనే. కూలికి తెచ్చుకున్న చీరల కట్ట ఒళ్లో పెట్టుకుని వాటికి మెరుపు టిక్కీలు అతికిస్తుంటాను, ప్రతిసారీ చీర మడిచి, గోడ పట్టుకుని లేచి, బకెట్ మోసుకెళ్లి, పొట్ట అడ్డొస్తుంటే పక్కకు వంగి చీపురుతో రుద్ది రావాలి. నీళ్లు ఎంత తాగితే అన్నిసార్లు వెళ్లాలి. ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు కడగాలి. అందుకని నేను ఆపుకోవడం నేర్చుకున్నాను. ఆపుకోవడం కష్టమయ్యాక తాగకపోవడం నేర్చుకున్నాను.

మరి సీసా ఎలా ఖాళీ అయ్యేదంటారా? మెహతా ఉన్నచోట మెహతాను ఏమార్చేవాళ్లూ ఉంటారు. టైము చూసుకుని ఒక్కో గీతదాకా నీళ్లు ఫినాయిల్ బకెట్లో వంచేసేదాన్ని. పది వారాలు అలా చేశాను. సాయంత్రం ఆయన ఖాళీ సీసా చూసి తృప్తిగా తలాడిస్తుంటే నాకు లోపల నవ్వొచ్చేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. గెలిచాననుకున్నాను మరి.

ఒక ఆదివారం స్కానింగుకు వెళ్లాం. కరోనా కాబట్టి లోపలికి పేషెంటును ఒక్కదాన్నే పంపిస్తామన్నారు. పరుశురాం గేటు దగ్గర ఆగిపోయి, సంచీలోంచి సీసా తీసి నా చేతికిచ్చాడు. "మేడంకు జూపియ్యి. రోజు గింత తాగుతున్ననని జెప్పు." ఆయన మొహంలో నిజంగా గర్వం ఉంది. సీసాను చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాను.

డాక్టర్ హిమశ్రీ మనవాళ్లే, తెలుగే మాట్లాడుతుంది. ప్లాస్టిక్ గౌను, మాస్కు, దాని మీద అద్దం, కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. స్కానింగు కాగితం రెండుసార్లు చూసింది. సీసా కూడా చూసింది.

"ఈ గీతలేంటమ్మా?"

"మా ఆయన గీసిండు మేడం. రోజు ఇది నిండ తాగాలని."

"సీసా ఖాళీ అవుతోందంటున్నావు. కడుపులో ఉమ్మనీరు చూస్తే తగ్గిపోతోంది. బిడ్డ ఉండేదే ఆ నీళ్లలో. ఇంకా తగ్గితే బిడ్డకు కష్టం, అడ్మిట్ చేయాల్సి వస్తుంది. ఇప్పుడు ఆస్పత్రుల పరిస్థితి నీకు తెలుసు కదా." ఆమె నా మొహంలోకి చూసింది. "ఈ సీసాలో నీళ్లు ఎక్కడికి పోతున్నాయమ్మా?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే లోపల బిడ్డ మెల్లగా కదిలింది. "పారబోస్తున్న మేడం," అన్నాను.

"ఎందుకు?"

ఏడు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. తాగు అన్నవాళ్లు వందమంది. ఎందుకు తాగడం లేదు అన్నవాళ్లు ఒక్కరూ లేరు, నా తల్లితో సహా. నాకు ఏడుపు ఆగలేదు. మాస్కు తడిసి ముక్కుకు అంటుకుపోతుంటే అన్నీ చెప్పాను. సండాసు సంగతి, బకెట్ సంగతి, కషాయం సంగతి. చెబుతుంటేనే నాకు ఇంకోటి తెలిసొచ్చింది. "ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా నా చేతులకు ఫినాయిల్ వాసన పోదు మేడం. గ్లాసు పట్టుకుంటే అదే వాసన. గందుకే నీళ్లు దిగుతలేవేమో."

ఆమె తిట్టలేదు. జాలి కూడా పడలేదు, అందుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. "వట్టి నీళ్లే తాగాలని ఎవరన్నారు? మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, కొబ్బరినీళ్లు, చారు, పుచ్చకాయ, ఏది దిగితే అది. చల్లగా ఉంటే దిగుతుందా, చల్లగానే తాగు, దానికి కరోనా రాదు. గ్లాసుడు ఒకేసారి వద్దు, గుక్క గుక్క తాగు. వస్తే ఆపుకోకు, ఇన్ఫెక్షన్ వస్తుంది. వారంలో మళ్లీ రా, చూద్దాం. ఈలోగా బిడ్డ కదలడం తగ్గినట్టనిపిస్తే ఆ క్షణమే రా." మందులు రాసి పెన్ను పట్టుకుని ఆగింది. "సండాసు కడగొద్దని కూడా ఇందులో రాసివ్వనా? కావాలంటే మీ ఆయనకు ఫోన్లో నేనే చెప్తాను."

ఎంత హాయి. కాగితం తీసుకెళ్లి అత్త ముందు పెడితే చాలు. డాక్టరమ్మ చెప్పిందంటే కిమ్మనరు. కానీ ఆ కాగితం ఎన్నాళ్లు నడుస్తుంది? కాన్పయ్యేదాకా. తర్వాత చీపురు మళ్లీ నా చేతికే. ఇరవై ఆరేళ్లదాన్ని, నా నడుము నొప్పెడుతోందని నా ఇంట్లో చెప్పుకోవడానికి నాకు ఒకరి సంతకం, స్టాంపు కావాలా? పది వారాలు దొంగతనంగా నీళ్లు వంచాను గానీ నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయాను కదా.

"వద్దు మేడం. నేనే జెప్త," అన్నాను.

ఆటోలో పరుశురాం ఏమన్నది, ఏమన్నది అని నాలుగుసార్లు అడిగాడు. ఇంటికాడ చెప్తానన్నాను. చాలీ కింద దుకాణంలో ఛాస్ ప్యాకెట్లు నాలుగు తీసుకున్నాను. పైకొచ్చి, చేతులు కడుక్కుని, ఒకటి చింపి స్టీలు గ్లాసులో పోసుకుని అత్త ఎదురుగానే కూర్చున్నాను.

"అయ్యో, గదేందే, సర్ది..."

"ఉమ్మనీరు తగ్గిందత్తా. ఇంక తగ్గితే దవాఖానల పడాలె. నేను పది వారాల సంది సీసల నీళ్లు పారబోస్తున్న."

ఉమ్మనీరు తగ్గిందన్నప్పుడు పరుశురాం కంగారు పడ్డాడు. పారబోశానన్నప్పుడు మాత్రం మొహం మాడిపోయింది. "నన్నే ధోకా ఇచ్చినవా? రోజు జూస్తనే ఉన్నగద," అన్నాడు. ఆయన బాధ చూసి నాకు జాలి, కోపం కలిసే వచ్చాయి. బిడ్డకు నీళ్లు లేవంటే గీతలు అబద్ధమైనందుకు ఏడుస్తున్నాడు.

"సీసను జూసినవ్. నన్ను జూడలే," అన్నాను. "ఇయ్యాల్టి సంది సండాసు నేను కడగ. కాన్పయ్యేదాంక నాది గూడ మీరే కడగాలె. కాన్పయినంక ఎవరు పోతే వాళ్లే కడుక్కోవాలె."

అత్త నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మొగోడు కడుగుతడా? నల్గురు జూస్తే ఏమంటరు?"

పరుశురాం డాక్టరు కాగితం అందుకున్నాడు. పైనుంచి కిందిదాకా చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. "ఇందుల యాడ రాసింది?" అన్నాడు.

"రాయలే. నేనే జెప్తున్న."

పది వారాలు రాని మాట పూర్తిగానే వచ్చింది. నేను గుక్క తర్వాత గుక్క మజ్జిగ తాగాను. చల్లగా, ఉప్పగా, ఎక్కడా ఆగకుండా దిగింది. అది దిగిందన్న సంతోషానికి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. కాసేపటికి వెళ్లాల్సి వచ్చింది, వెళ్లాను, కడగకుండా వచ్చి కూర్చున్నాను. కూర్చోవడమంటే మామూలు కూర్చోవడం కాదు. కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. వాటిని పట్టుకుని కూర్చోబెట్టాను.

"బుచ్చవ్వా, మీది కడగలే," వరండాలోంచి ఎల్లవ్వక్క కేక వినిపించింది.

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు నా వైపు చూశాడు. నేను ఒళ్లోని చీర మీద టిక్కీ అతికిస్తున్నాను. ఇంకోసారి కేక వినిపించాక పరుశురాం లేచాడు. పాంటు మోకాళ్లదాకా మడిచి, బకెట్ అందుకుని, తల వంచుకుని బయటికి నడిచాడు.

"ఏంది తమ్మీ, నువ్వొచ్చినవ్?" ఎల్లవ్వక్క గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. "వినోదకు పాణం బాగలేదా ఏంది?"

ఆయన ఏం చెబుతాడోనని ఒక్క క్షణం ఆగాను. బకెట్ నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. అందుకని కూర్చున్న చోటినుంచే నాలుగు ఖోలీలకూ వినబడేలా నేనే చెప్పాను.

"నా పాణం మంచిగనే ఉన్నదక్కా. నేనే జెప్పిన, గందుకే ఆయనొచ్చిండు."