ఇమిడింది కదా

కిరసనాయిలు బేసిన్లో నట్లు కడుగుతున్న సిద్దికాకి వెనకనుంచి మొగుడి మాట వినిపించింది.

"చెంచయ్య గారు బయల్దేరాడంట. ఆ క్యామ్‌షాఫ్టు నువ్వే పొరపాటున అందించావని చెప్పు. ఆడమనిషివి, నిన్నెవరూ ఏమీ అనరు."

కాసిని మంచినీళ్లు తెమ్మన్నంత తేలిగ్గా అన్నాడు ముస్తాక్. సిద్దికా చేతులు బేసిన్లోనే ఆగిపోయాయి.

పొదిలిలో వాళ్ల ఇంటి ముందు రేకుల షెడ్డే ముస్తాక్ డీజిల్ వర్క్స్. పాలిటెక్నిక్‌లో ఆమె మెకానికల్ డిప్లొమా చదివిందని పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పుకున్నారు. కాపురానికొచ్చిన వారానికే అత్త జానీబీ ఆ గొప్పకి మూత పెట్టేసింది. "రిపేరు చేసే ఆడది షెడ్డులో కనబడితే మగాడి చెయ్యి ఎవరు నమ్ముతారే? కడిగివ్వు చాలు." అప్పట్నుంచీ కడిగి ఇస్తూనే ఉంది. గోళ్లలో దిగిన నల్లజిడ్డుతోనే పిండి కలుపుతుంది. జ్వరమొచ్చినా కడిగింది. సాయంత్రం ఎవరైనా వచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, "ఇంట్లోనే ఉంటుందండి, ఖాళీ" అంటాడు ముస్తాక్. ఖాళీ అన్న మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండుతుంది. మండినా టీ పెట్టి ఇస్తుంది.

పోయిన వారం చెంచయ్య కారు ఇంజను విప్పారు. వాల్వులని తెరిచి మూసే క్యామ్‌షాఫ్టు అరిగిపోయింది. ముస్తాక్ పాత సామాన్ల కొట్టునుంచి ఇంకోటి తెచ్చాడు. అదే కంపెనీది, అదే పొడవు. కడుగుతుంటే సిద్దికాకి అనుమానమొచ్చింది. పాతదాన్నీ దీన్నీ పక్కపక్కన గోనెపట్టా మీద పెట్టి వెర్నియర్‌తో కొలిచింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ ఉబ్బుల ఎత్తులో తేడా ఉంది, అవి తిరిగి ఉన్న కోణంలోనూ తేడా ఉంది.

"ఏమండీ, ఇది టర్బో లేని ఇంజనుది. చెంచయ్య గారిది టర్బో బండి. టర్బో గాలిని ఒత్తిడితో లోపలికి తోస్తుంది కదా, దానికి వాల్వులు తెరుచుకునే లెక్క వేరు. ఇది వేస్తే బండి లాగదు, పొగ కక్కుద్ది."

ముస్తాక్ ఆ షాఫ్టు తీసుకుని ఇంజను పైభాగం హెడ్డులో పెట్టాడు. చక్కగా కూర్చుంది. చేత్తో తిప్పితే తిరిగింది.

"ఇమిడింది కదా," అన్నాడు నవ్వుతూ. "ఇంక నీకేంటి నొప్పి?"

ఇమిడింది కదా. కాపురానికొచ్చిన కొత్తలో తన గురించి కూడా చుట్టాలంతా ఆ మాటే అన్నారు. పిల్ల మన ఇంట్లో బాగా ఇమిడిపోయిందన్నారు. నోరెత్తకుండా తిరుగుతుంటే అన్నీ సరిపోయినట్టే అనుకుంటారు కాబోలు. తనూ అలాగే అనుకుంది ఇన్నాళ్లూ, అదే తన తెలివితక్కువతనం. కూర మాడితే తన తప్పు, అత్తకి నడుం నొప్పొస్తే తన తప్పు, కరెంటు పోయినా ఎదురుగా తనుంటే తన తప్పే. ఇప్పుడేమో నిన్నెవరూ ఏమీ అనరంటున్నాడు. రోజూ అనేవాళ్లకి అది అన్నట్టే తోచదు మరి.

కారు వచ్చింది. దాని వెనక నల్లటి పొగ రోడ్డంతా కమ్మేసింది. చెంచయ్య దిగి తలుపు గట్టిగా వేశాడు.

"ఏరా ముస్తాకూ, మా ఆవిడని ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఎత్తు ఎక్కలేక నడిరోడ్డు మీద నిలబడిపోయింది బండి. వెనక లారీ. ఇంకొంచెంలో మేమిద్దరం పోయుండేవాళ్లం. ఏం వేశావురా దీంట్లో?"

ముస్తాక్ భార్యకేసి చూశాడు. గుమ్మంలోకి వచ్చిన జానీబీ కూడా చూసింది. చెప్పవే, అన్నట్టు కళ్లెగరేసింది.

 నాదే పొరపాటని సిద్దికా ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. ఆయన తిట్టి వెళ్లిపోతాడు, ముస్తాక్ పేరు నిలబడుతుంది. రేపు ఇంకో బండికి ఇంకోటి ఇమిడిస్తాడు, ఆ తప్పూ తనే మోస్తుంది. కానీ ఆసుపత్రికి పోతున్న మనిషి ఆ ఆగిన బండిలో, లారీ ముందు కూర్చుని ఉండింది.

"నేను సరిగ్గానే చెప్పానండి," అంది లేచి నిలబడి.  "ఇది టర్బో లేని ఇంజను షాఫ్టు, వెయ్యొద్దన్నాను. ఈయన వినకుండా ఎక్కించారు."

ముస్తాక్ మొహం ఎర్రబడింది. "బయటోళ్ల ముందు మొగుణ్ణి..." అంటూ జానీబీ గొణిగింది.  చెంచయ్య ముస్తాక్‌ని ఓసారి, ఆమెని ఓసారి చూశాడు.

"సరేనమ్మా. మరిప్పుడు దీన్నెవరు విప్పుతారు?"

సిద్దికా చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"నేనే విప్పుతానండి. పొద్దుగూకేదాకా పడుతుంది. మధ్యాహ్నం అన్నం మాత్రం ఈయన వండాలి."