షాలిబండ పాలబండి

షాలిబండ చౌరస్తాలో పోలీసు జమేదారు పాలక్యాను మూత ఊడబీకి, నిండు పాలను నడిరోడ్డు మీద గుమ్మరించాడు. నేను కళ్లారా చూశాను. నాతోపాటు చూసి, చెప్పులు తడవకుండా పక్కనుంచి జారుకున్న పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. ఈ కథ వాళ్ల కోసం కాదు. షెడ్లలో, మిల్లుల్లో నడుము విరిగేలా పనిచేసే మీ కోసం చెబుతున్నాను. చదువుకుని రేపు వకీళ్లో పోలీసు అమీన్లో కాబోయే విద్యార్థులూ, మీరు కూడా వినండి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. ఆ చౌరస్తా పక్కనే మోటారు రిపేరు షెడ్డులో నేను పనిచేసేవాణ్ణి. పాలబండి అంటే మోటారు సైకిలే. బొల్లారంలో మిలిటరీ పాత సామాను వేలం వేసినప్పుడు బార్కస్ అవతలి పాలవాళ్లంతా కలిసి కొన్నారు. పక్కన మనిషి కూర్చునే తొట్టి తీసేసి, క్యాన్లు పెట్టడానికి చెక్కపెట్టె బిగించింది నేను. వాళ్లలో ఎల్లప్ప అనేవాడికి నడపడం నేర్పిందీ నేనే.

బండి రాకముందు వాళ్ల బతుకు వైకుంఠం సేటు చేతిలో ఉండేది. ఆడవాళ్లు కుండలు నెత్తిన పెట్టుకుని పట్నం చేరేలోపు ఎండకు పాలు విరిగిపోయేవి. ఆ భయంతోనే దారిలో ఉన్న సేటుకు పోసేవాళ్లు. అతను దవాఖానాకు పాల కంట్రాక్టరు. తనకు తోచిన ధర విసిరేవాడు, నీళ్లు కలిపి రోగులకు పంపేవాడు. బండి వచ్చాక చిక్కటి పాలు నేరుగా దవాఖానాకు చేరాయి. సేటు కడుపు మండింది. జమేదారు ఇంటికి రోజూ ఉచితంగా పాలు పంపేది కూడా ఆ సేటే, ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ పొద్దున ఒక జాగీర్దారు మోటారు కారు పాలబండి వెనక హారన్ కొట్టింది. సందు నిండా బట్టల తోపుడుబండ్లు. ఎల్లప్ప తప్పుకోవడానికి చోటేదీ? కారే మీదికొచ్చి పాలబండిని రాసుకుంది. జమేదారు విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. కారు దగ్గరికి కాదు, ఎల్లప్ప దగ్గరికి!

"అంధా హై క్యా బే? నవాబ్ సాబ్ గాడీ కనిపిస్తలేదా?"

"కనవడ్డది సాబ్. యాడికి జరగాలె? దుకాన్లకెళ్లి పొమ్మంటవా?"

ఆ ఎదురు మాటకే క్యాను బోర్లింది.

మన పాలవాళ్లకు ఒక ఆచారం ఉంది. పాలు ఒలికితే వంగి, వేళ్లతో తాకి కళ్లకు అద్దుకుంటారు. అలా చేయకపోతే బర్రె పొదుగు ఎండిపోతుందని వాళ్ల భయం. ఎల్లప్ప కూడా అలవాటుకొద్దీ వంగాడు. జమేదారు బూట్లు ఆ పాలలోనే ఉన్నాయి. ఇంకేం కావాలి? ముద్దాయి కాళ్ల మీద పడి నేరం ఒప్పుకున్నాడని ఠాణాలో ఉర్దూలో రాసుకున్నారు. బండికి చౌరస్తాలోనే గొలుసు చుట్టి తాళం వేశారు.

ఇక అదాలతు సంగతి అడగకండి. పొద్దున పోతే వరండాలో సాయంత్రం దాకా నిలబెట్టి తారీఖు ఇచ్చేవారు. ఆ తారీఖుకు పోతే మేజిస్ట్రేటు వేటకు పోయాడనేవారు. ఇంకోసారి జమేదారు రాలేదు. ఎల్లప్పకు తెలిసింది బజారు ఉర్దూ. లోపల చదివే దర్బారు ఉర్దూ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బండి చౌరస్తాలో తుప్పు పట్టింది, పాలు మళ్లీ సేటు ఇంటి దారి పట్టాయి, ధర ఇంకా దిగింది.

వకీలు సోమశేఖర్ మెత్తగా నచ్చజెప్పాడు. "ఒప్పేసుకో ఎల్లప్పా. జుర్మానా కట్టి బయటపడు. బండి సంగతి మరిచిపో. సేటు నిన్నేమన్న తింటడా?"

"తినవట్టే గద సార్ మేం గిట్లున్నం!"

ఆ సాయంత్రం బర్రెల కొట్టంలో మీటింగు పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు. వాళ్లలో పెద్దవాడు కొండల్ మొదట్నుంచీ వెనక్కే లాగాడు.

"పోలీసోళ్లతోని లొల్లి మనకెందుకురా? సర్కారు వాళ్లది, జేలు వాళ్లది. మనకేమున్నది?"

"పాలున్నయి గద మామా!" అంది ఎల్లప్ప భార్య రాజమణి. "పేడ ఎత్తేది మనం, పితికేది మనం. పొద్దుగాల మనం పొయ్యకుంటే బంగ్లాలల్ల చాయ్ లేదు. దూడల్ని ఇడుద్దాం. కడుపునిండ తాగనియ్యి. సేటుకు సుక్క పొయ్యద్దు."

"మరి దవాఖాన? బాలింతలేం పాపం జేసిన్రు?" అన్నాడు కొండల్.

"వాళ్లకు నెత్తిమీద మోస్తం. అన్ని పాలు గాదు గద, దవాఖానకు సాలినన్నే సల్లపొద్దుల మోస్తే ఇరగయి. నాకు నడుసుడు కొత్తనా?"

కొండల్ ఇంకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు బార్కస్ అరబ్బు సాలెం చావుష్ లేచాడు. అతనివీ బర్రెలున్నాయి, బండిలో అతని వాటా కూడా ఉంది. "జమేదారు నా దగ్గరికొచ్చిండు కొండల్ భాయ్. నువ్వు ముసల్మాన్, వీళ్లతో నీకేంది అన్నడు. నా పాలు కూడ రోడ్డు మీద పోసినవు గద, అప్పుడు యాదికి రాలేదా అని నేనన్న. నా దూడలు కూడ తాగుతయి, బస్."

చివరికి కొండల్, "నా దూడ శాన బక్కగున్నది. తాగనీయ్" అన్నాడు.

మరుసటి పొద్దున సేటు మనుషులు ఖాళీ క్యాన్లతో వచ్చారు, ఖాళీ క్యాన్లతోనే పోయారు. బంగ్లాల్లో వంటవాళ్లు గిన్నెలు పట్టుకుని వీధుల వెంట తిరిగారు. మూడోనాటికి వైకుంఠం స్వయంగా వచ్చి, ఎన్నడూ లేనిది, "కాశమ్మక్కా, బాగున్నవా? ధర పెంచుత" అన్నాడు. కొట్టంలో పేడ ఎత్తుతున్న కాశమ్మ ఆ పేడచేత్తోనే దారి చూపించింది. దవాఖానాకు మాత్రం కుండలు తప్పకుండా పోతూనే ఉన్నాయి. నాకు ఆ ఆడవాళ్లను చూస్తే గర్వంగా ఉండేది, ఇప్పటికీ ఉంది.

దాంతో అదాలతుకు ఎక్కడలేని తొందర పుట్టుకొచ్చింది. తీర్పు రోజు వరండా నిండా పాలవాళ్లే. గుమాస్తా కాగితం చదివాడు. కాళ్లు పట్టుకున్నావా లేదా అని మేజిస్ట్రేటు అడిగాడు.

"నేను మొక్కింది పాలకు. ఈ జమేదారు బూట్లకు గాదు" అన్నాడు ఎల్లప్ప. "కారు నడిపినోన్ని ఇయ్యాల్టి దాంక ఎవ్వలన్న పిలిచిన్రా? ఆయనకు తారీఖు లేదా?"

వరండాలో కేకలు లేచాయి. మేజిస్ట్రేటు ముఖం కందగడ్డలా అయింది. ఎల్లప్పకు జైలు, బండి జప్తు చేసి వేలం. ఎవరు పాడుకుంటారో పట్నంలో అందరికీ తెలుసు.

బండిని వేలం వేసే కచేరీకి తరలించడానికి జమేదారు తాళం తీశాడు. జవాన్లు ఎంత తన్నినా అది స్టార్టు కాలేదు. నన్ను పిలిపించాడు.

"ఏయ్ ఓదెలు! చాలూ కర్."

రెంచి పట్టుకుని బండి దాకా పోయాను. చెప్పినట్టు చెయ్యమని షెడ్డు యజమాని వెనకనుంచి సైగలు చేస్తున్నాడు. రోడ్డుకవతల రాజమణి భుజాన కుండ కింది గుడ్డచుట్ట వేసుకుని నిలబడి నన్నే చూస్తోంది.

"దీని మీద చెయ్యి వెయ్య సాబ్" అన్నాను.

"క్యా బోలా?"

"ఎల్లప్పను ఇడిస్తే ఆయనే నడుపుకుంట పోతడు. నేను ముట్ట."

చెంప పగిలింది. జమేదారు పక్క షెడ్డు మెకానిక్‌ను పిలిచాడు, అతను రెంచి కింద పడేశాడు. ఝట్కావాళ్లను లాగమన్నాడు, వాళ్లు గుర్రాలు విప్పేశారు. గాజుల దుకాణాలు ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి. ఆఖరికి జవాన్లే ఎండలో చెమటలు కక్కుకుంటూ బండిని తోశారు, జనం దారి ఇవ్వలేదు. లాఠీలు లేచాయి. నన్ను, మెకానిక్‌ను, ఝట్కావాళ్లను, సాలెం చావుష్‌ను ఈడ్చుకుపోయి ఠాణాలో కుక్కారు. ఎల్లప్ప అప్పటికే అక్కడున్నాడు, జరిగి నాకు చోటిచ్చాడు.

బయట గోల తగ్గలేదు. వేలం పాటకు వచ్చిన వైకుంఠం సేటు కచేరీ గేటు దాకా వచ్చి, జనాన్ని చూసి వెనక్కు తిరిగిపోయాడని ఎవరో అరిచారు. లోపల నిలబడే చోటు కూడా లేదు. జమేదారు కమ్మీల దగ్గరికి వచ్చి చూసి, ఖైదీలను ఎక్కడ పెట్టాలో తెలియక టోపీ తీసి తల తుడుచుకున్నాడు. అప్పుడు ఠాణా గేటు బయటనుంచి రాజమణి గొంతు వినిపించింది.

"బయట ఇంక మస్తు మందిమున్నం సాబ్! జాగ చూస్కో!"