వీరవేణి నర్సరీ అనే నేను

నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఆ పేరుతో నన్ను పిలిచిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. ఆడిటర్ గారి గదిలో ఉన్నన్నాళ్ళూ ‘సిస్టమ్’ అన్నారు. ఇంటర్నెట్ సెంటర్లో ‘నాలుగో నంబర్’ అన్నారు. అక్కడ నా మీద టీ ఒలకబోసినవాళ్ళే నన్ను స్లో అని తిట్టేవాళ్ళు. చివరికి రాజమండ్రిలో వెబ్‌సైట్లు తయారుచేసే చక్రధర్ నన్ను చవగ్గా కొని, తెర పీకేసి, బల్ల కింద చెప్పుల పక్కన కూలేసి ‘టెస్ట్ సర్వర్’ అన్నాడు.

సైటు లోకానికి చూపించేముందు నాలో పెట్టి సరిచూసుకుంటాడు. నా అసలు చిరునామా అంతా అంకెలే. అవి గుర్తుండవని, తన కంప్యూటర్లో ఒక చిన్న ఫైలు తెరిచి, ఫలానా పేరు కొడితే బల్ల కిందికి వెళ్ళు అని రాసుకుంటాడు. పద్ధతి తెలిసినవాళ్ళు ఆ పేరు చివర ‘డాట్ టెస్ట్’ అని తోక తగిలిస్తారు, ఇది ఉత్తుత్తిదని తెలియడానికి. మనవాడికి ఆ తోక కొట్టడానికి బద్ధకం. అసలు సైటు పేరే నాకు పెట్టేస్తాడు. అలా కొన్నాళ్ళు కల్యాణ మండపాన్ని, కొన్నాళ్ళు బూట్ల కొట్టుని. పోయిన వేసవిలో వీరవేణి నర్సరీని అయ్యాను.

వీరవేణిది నర్సరీలకి పేరుపడ్డ కడియం ఊరు. మామిడి అంట్లు కట్టి అమ్ముతుంది. ఏటా దళారి చెప్పిన రేటుకే ఇచ్చి ఇచ్చి విసిగిపోయి, ఈసారి సైటులోనే అమ్ముకుంటానని అతన్ని పొమ్మంది. తొలకరికల్లా అంట్లు కదలాలి. లేకపోతే వేళ్ళు మొక్క పెట్టిన సంచి చీల్చుకుని నేలలోకి దిగిపోతాయి, అప్పుడు పీకితే సగం చస్తాయి. ఈ మాట ఆవిడ ఇక్కడే కూర్చుని చెప్పింది. చక్రధర్ తల ఊపాడు.

సైటు నాలో ముచ్చటగా తయారైంది. దాన్ని లోకమంతా చూసే అసలు చోటుకి ఎక్కించేటప్పుడే నెట్ తెగి, పని మధ్యలో ఆగిపోయింది. మనవాడు చూసుకోలేదు. ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి పేరు కొట్టాడు. ఆ పేరు ఎక్కడికి తీసుకొస్తుంది? నా దగ్గరికే. అన్నీ బాగున్నాయని చేతులు దులుపుకున్నాడు. బయట లోకానికి మాత్రం ‘త్వరలో’ అన్న ఒక్క ముక్కే కనిపిస్తోంది.

కొన్నాళ్ళకి ఆవిడ ఫోన్ చేసింది. స్పీకర్లో విన్నాను.

“విశాఖలో మా మేనకోడలు చూసిందంటండి బాబూ. ఏదో త్వరలో అని వత్తందంట.”

“మా దగ్గర బానే వస్తోందండి. వాళ్ళ నెట్ స్లో అయ్యుంటుంది.”

బానే వస్తుంది మహానుభావా, చూపిస్తున్నది నేను కదా! కాస్త వంగి బల్ల కింద చూడరాదూ? చెప్పులు వెతుక్కునేటప్పుడు తప్ప వంగడు. నాకా నోరు లేదు. ఫ్యాను గిరగిరా తిప్పి గోల చేశాను. దుమ్ము పట్టిందని ఒక తన్ను తన్నాడు.

తొలకరి పడింది. ఆర్డరు ఒక్కటీ రాలేదు. ఆవిడ తడిసిన గొడుగుతో నేరుగా ఆఫీసుకే వచ్చింది. ఆ పొద్దున వానకి వీధిలో కేబుల్ తెగి నెట్ లేదు. చక్రధర్ కేబుల్ వాళ్ళని తిట్టుకుంటూనే అలవాటుగా ఆవిడ సైటు పేరు కొట్టాడు. మొక్కలన్నీ నిగనిగలాడుతూ తెర మీదికి వచ్చాయి.

ఆవిడ ముఖం విప్పారింది. “నెట్ లేపోయినా మా మొక్కలు వచ్చేత్తన్నాయి. బాగా చేసేరండి బాబూ.”

చక్రధర్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. మెల్లగా వంగి, బల్ల కింద నన్ను చూశాడు. ఎన్నాళ్ళకి చూశావురా నాయనా అనుకున్నాను.

“ఇది ఈ గదిలోనే కనిపిస్తోందండి,” అన్నాడు. “బయట ఎవరికీ కనబడట్లేదు. తప్పు నాదేనండి.”

“ఇన్నాళ్ళూనా బాబూ?”

“ఇన్నాళ్ళూనండి.”

ఆవిడ తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. తిట్టలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నెట్ రాగానే సైటు ఎక్కింది, కానీ అప్పటికే వేళ్ళు నేలలోకి దిగిపోయాయి. పీకితే సగం ఎండాయి. మిగతావి అదే దళారికి, అతను చెప్పిన రేటుకే వెళ్ళాయి.

వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేసింది. “ఆ అంట్ల బొమ్మలు తీసెయ్యండి బాబూ. లేని మొక్క చూపించకూడదండి.”

అసలు సైటులో తీసేశాడు. నాలో తియ్యడం మరిచిపోయాడు. ఇప్పుడు నన్ను ఒక పళ్ళ ఆసుపత్రిని చేశాడు, ఈసారీ తోక లేకుండానే. ఆవిడ అంట్లు మాత్రం నాలో ఇంకా పచ్చగానే ఉన్నాయి, ఒక్క వేరూ సంచి దాటకుండా. ఆ పేరు కొట్టి నా దగ్గరికి ఇక ఎవరూ రారు.